మొదటిసారి ఒక్కసారే: గుర్తుండిపోయే గేముల్లో ఇప్పుడు ఏది ఆడాలి

రేసింగ్ గేమ్‌ను వందోసారి ఆడినా పోయేదేమీ లేదు, చేయి తిరిగిన కొద్దీ రుచి పెరుగుతుంది. ఇక్కడ చెప్పుకోబోయే గేములు ఆ కోవలోవి కావు. ఇవి పొడుపు కథల్లాంటివి. జవాబు తెలిశాక అదే పొడుపు కథ మళ్లీ మనల్ని తికమక పెట్టలేదు. అవుటర్ వైల్డ్స్ పూర్తిచేసినవాళ్లు, దాన్ని కొత్తగా ఆడుతున్నవాళ్ల పక్కన కూర్చుని చూడాలని ఉబలాటపడేది అందుకే. తమకు మళ్లీ దొరకనిది ఇంకొకరికి దొరుకుతుంటే చూడటం ఒక్కటే వాళ్లకు మిగిలింది.

కాబట్టి వీటిలో ‘ఏది గొప్పది’ అని అడిగితే వచ్చే జవాబు పెద్దగా ఉపయోగపడదు. ఈ వారం మీ దగ్గరున్న సమయానికీ ఓపికకూ ఏది సరిపోతుందో చూసుకోవాలి. అలసిపోయిన రోజున ఓబ్రా డిన్ లాంటి చిక్కుముడి గేమ్ మొదలుపెట్టి, సగంలో విసుగొచ్చి ఇంటర్నెట్‌లో జవాబులు వెతికితే ఆ గేమ్ ఇక మీ చేయి దాటిపోయినట్టే. ఆ నష్టం జరగకూడదనే ఈ పోలిక. ముగింపులూ మలుపులూ ఇక్కడ చెప్పడం లేదు. గేమ్ తొలి గంటల్లో తానే బయటపెట్టే సంగతులు, మధ్యలో మానేయకుండా ఉండటానికి తెలిసి తీరాల్సిన ఒకటి రెండు విషయాలు, అంతవరకే.

ముందు మూడు సంగతులు తేల్చుకోండి. ఏకబిగిన ఎంతసేపు కూర్చోగలరన్నది మొదటిది. రెండు గంటల గేమ్‌ను నాలుగు రోజులకు పంచితే చప్పబడిపోతుంది. ముప్పై గంటల గేమ్‌ను వారానికో గంట ఆడితే ఎవరు ఎవరో గుర్తుండదు. రెండోది, ఏం చేయాలో తోచని స్థితిని ఎంతసేపు భరించగలరు. మూడోది వేళ్ల వేగం. కథ కోసం వచ్చి, ఒక బాస్ (దాటి తీరాల్సిన పెద్ద శత్రువు) దగ్గర ఇరవైసార్లు చచ్చి వదిలేసేవాళ్లు చాలామంది. ఈ మూడోదానికి చాలా గేముల సెట్టింగుల్లోనే ఉపాయం ఉంటుంది. దాన్ని మొదటి రోజే వాడుకోవాలి, పట్టుదలకు పోకూడదు.

ఒక్క సాయంత్రమే ఉంటే

జర్నీ 2012లో ప్లేస్టేషన్ 3 మీద వచ్చింది, తర్వాత ప్లేస్టేషన్ 4, పీసీ, ఐఫోన్‌లకూ వచ్చింది. తయారుచేసింది దట్‌గేమ్‌కంపెనీ. నిడివి సుమారు రెండు గంటలు. ఇందులో మాట లేదు, రాత లేదు. ఎడారిలో మీరు, దూరంగా ఒక కొండ. మెడలోని కండువా పొడవును బట్టి గాల్లోకి ఎంత ఎగరగలరన్నది ఉంటుంది. దారిలో ఇంకో ఆటగాడు కలుస్తాడు. అతను ఎక్కడో కూర్చుని ఆడుతున్న నిజమైన మనిషి. పేరు కనపడదు, మాట్లాడటం కుదరదు, ఒక చిన్న కూత మాత్రమే పెట్టగలరు. ఇద్దరూ ఒకరికొకరు తగిలితే కండువాలు మళ్లీ శక్తి పుంజుకుంటాయి. కాబట్టి దగ్గరగా నడవడం మర్యాద కాదు, అవసరం. ఆ అవసరమే కాసేపటికి ఆత్మీయత అవుతుంది. పేర్లు కనిపించేది అంతా అయిపోయాకే. ఆస్టిన్ వింటరీ సంగీతానికి గ్రామీ నామినేషన్ వచ్చింది. ఒక గేమ్ సంగీతం మొత్తానికి అలా రావడం అదే మొదలు.

జర్నీలో జరిగే పొరపాట్లు రెండే. నెట్ ఆపేసి ఆడితే తోడు రాదు. గేమ్ మామూలుగానే నడుస్తుంది కాబట్టి ఏం కోల్పోయారో కూడా తెలియదు. రెండోది తొందర. కొండ కనిపిస్తోంది కదా అని ఒక్క పరుగున పోతే తోడొచ్చిన మనిషి వెనకబడిపోతాడు. అతను ఆగితే ఆగండి, కూత పెడితే బదులు పెట్టండి.

వాట్ రిమైన్స్ ఆఫ్ ఈడిత్ ఫించ్ (2017) కూడా రెండు, రెండున్నర గంటలదే. ఒక వింత ఇల్లు, గదికో మనిషి జ్ఞాపకం, జ్ఞాపకానికో కొత్త ఆట పద్ధతి. ఓడిపోవడం, మళ్లీ మొదలెట్టడం అనే గొడవ దాదాపు లేదు కనుక గేములు అలవాటు లేనివాళ్ల చేతికి కూడా ధైర్యంగా ఇవ్వొచ్చు. అయితే కంట్రోలర్ ఉంటే దానితోనే ఆడండి. ఒక ఘట్టంలో ఒక చేయి ఒక పని చేస్తూనే ఉండాలి, రెండో చేయి పూర్తిగా వేరే పని చేయాలి. రెండు స్టిక్‌ల మీద రెండు బొటనవేళ్లు ఉన్నప్పుడు ఆ ఘట్టం ఏం చెబుతోందో వేళ్లకే అర్థమైపోతుంది. అది చదివినా, వీడియోలో చూసినా రాని అనుభవం. గేములు మాత్రమే చేయగల పని ఏమిటని ఎవరైనా అడిగితే చూపించాల్సిన పది నిమిషాలు అవి.

బిఫోర్ యువర్ ఐస్ (2021) గంటన్నర. దీన్ని వెబ్‌క్యామ్‌తో ఆడతారు. తెర మీద మెట్రోనోమ్ (తాళం చూపే పరికరం) కనిపిస్తున్నప్పుడు మీరు రెప్ప వేస్తే కాలం ముందుకు దూకేస్తుంది. ఇంకాసేపు చూడాలని ఉన్న దృశ్యం కూడా రెప్పపాటులో పోతుంది. రెప్పపాటు అనే మాటకు ఇంతకన్నా సూటి అర్థం చూపించిన గేమ్ ఇంకోటి లేదు. ఇది చెడేది ఏర్పాట్ల దగ్గరే. వెలుతురు ముఖానికి ఎదురుగా ఉండాలి, వెనక కిటికీ ఉంటే కళ్లు చీకట్లో పడి రెప్పలు లెక్కకు రావు. కళ్లజోడు అద్దాల్లో తెర మెరుస్తుంటే తెర వెలుగు తగ్గించండి, లేదా దీపాన్ని కాస్త పక్కకు జరపండి. క్యామ్ కళ్ల ఎత్తులో ఉండాలి. ఫ్యాన్ గాలి నేరుగా ముఖాన కొట్టకూడదు, అక్కర్లేని రెప్పలు పడతాయి. మౌస్‌తో ఆడే వీలుంది కానీ అలా ఆడితే మిగిలేది కథ ఒక్కటే.

ఈ మూడింట్లో ఎంపిక తేలికే. మనసు మాటలు కోరని రోజున జర్నీ. కథ కావాలంటే ఈడిత్ ఫించ్. ఇంట్లో ఈ మధ్యే ఎవరైనా పోయి ఉంటే మాత్రం ఈడిత్ ఫించ్‌నూ బిఫోర్ యువర్ ఐస్‌నూ పక్కన పెట్టండి. ఈడిత్ ఫించ్‌లో చిన్నపిల్లల మరణాలున్నాయి, ఆత్మహత్య ప్రస్తావన ఉంది. వాటికి వేరే రోజు వస్తుంది.

ముడి మీరే విప్పాలనుకుంటే: అవుటర్ వైల్డ్స్, ఓబ్రా డిన్

ఈ రెండింటి మధ్యే ఎక్కువమంది ఊగిసలాడతారు, కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా చూద్దాం. రెండింట్లోనూ కొత్త ఆయుధాలు రావు, మీ పాత్ర బలపడదు. మీకు తెలిసినది పెరుగుతుంది, అంతే. అవుటర్ వైల్డ్స్‌లో ఆఖరి ఘట్టానికి కావాల్సిన పనిముట్లన్నీ మొదటి రోజునుంచే మీ చేతిలో ఉంటాయి. వాటితో ఏం చేయాలో తెలియకపోవడమే అడ్డు. అందుకే ఈ రెండింటినీ స్పాయిలర్ (ముందే చెప్పేసిన మలుపు) చంపినంతగా మరే గేమ్‌నూ చంపదు.

అవుటర్ వైల్డ్స్ 2019లో వచ్చింది. అలెక్స్ బీచమ్ విశ్వవిద్యాలయంలో చేసిన థీసిస్ ప్రాజెక్టుగా మొదలై, మోబియస్ డిజిటల్ చేతిలో పూర్తి గేమ్ అయింది. ముందుగా పేరు సరిచూసుకోండి. అదే ఏడాది ది అవుటర్ వరల్డ్స్ అనే వేరే గేమ్ కూడా వచ్చింది. అది తుపాకులతో ఆడే రోల్ ప్లేయింగ్ గేమ్. ఒకటనుకుని ఇంకోటి కొనుక్కున్నవాళ్లు తక్కువేం కాదు.

ఇందులో ఒక చిన్న సౌరకుటుంబం ఉంది, చెక్కా రేకూ కలిపి చేసిన మీ నౌక ఉంది, 22 నిమిషాల కాలం ఉంది. 22 నిమిషాలకు అంతా ముగిసి మళ్లీ నిప్పు పక్కన కళ్లు తెరుస్తారు. మీ జ్ఞాపకమూ, మీరు కనుక్కున్న సంగతులు నమోదయ్యే నౌకలోని షిప్ లాగ్ మాత్రమే మిగులుతాయి. పూర్తికావడానికి చాలామందికి 15 నుంచి 25 గంటలు పడుతుంది.

తొలి గంటలో విసిగించేది నౌక నడపడం. ఊళ్లోనే బొమ్మ నౌకను ఎగరేసే చోటు, బరువు లేకుండా తేలే గుహ ఉన్నాయి. పైకి వెళ్లే తొందరలో ఆ రెంటినీ దాటేయకండి, అక్కడ గడిపే పదిహేను నిమిషాలు తర్వాత గంటలు కలిసొచ్చేలా చేస్తాయి. దిగబోయే గ్రహాన్ని లాక్ చేసి, దాని వేగంతో మీ వేగాన్ని సమం చేసే బటన్ నొక్కడం అలవాటు చేసుకోండి. దిగేటప్పుడు జరిగే ప్రమాదాల్లో సగం దాన్ని మరిచిపోవడం వల్లే. ఆటోపైలట్ తిన్నగా గీసిన గీతలా పోతుంది, మధ్యలో సూర్యుడున్నా తప్పుకోదు. కాబట్టి దాన్ని ఆన్ చేసేముందు దారిలో ఏముందో చూడండి. నౌక దిగేముందు స్పేస్ సూట్ వేసుకున్నారా అని ఒకసారి చూసుకోండి. జెట్‌ప్యాక్‌లో ఇంధనం అయిపోతే అది మీ ఆక్సిజన్‌నే మండించడం మొదలుపెడుతుంది. ఎగురుతూనే ఉన్నాను కదా అనుకుంటే ఊపిరి ఆగుతుంది.

దారి తోచనప్పుడు చేయాల్సింది ఇది. నౌకలోకి వెళ్లి లాగ్ తెరవండి. అందులో సంగతులు ఒకదానికొకటి గీతలతో కలిసి ఉంటాయి. ఇంకా చూడాల్సింది మిగిలిన చోట్ల ఆ మాట స్పష్టంగా రాసి ఉంటుంది. అలాంటి చోటు ఒక్కటే ఎంచుకుని, ఈ లూప్ (22 నిమిషాల చుట్టు) అంతా దానికే ఇవ్వండి. వెళ్లినా దారి మూసుకుని ఉంటే, అదే చోటికి లూప్‌లో ఇంకో సమయంలో వెళ్లి చూడండి. ఇసుక ఒక గ్రహం నుంచి ఇంకోదానికి పారుతూ ఉంటుంది, నేల కూలుతూ ఉంటుంది. మూడో నిమిషంలో ఉన్న చోటు పద్దెనిమిదో నిమిషంలో అదే చోటు కాదు. ఎక్కువమంది ఇరుక్కునేది ఈ సంగతి మరిచిపోయినప్పుడే. గడియారం తరుముతోందన్న ఆదుర్దా ఉంటే, చదివేటప్పుడు కాలం ఆగేలా పెట్టుకునే సెట్టింగ్ ఉంది, వాడుకోండి.

ఒంటరితనం, లోతైన నీరు, చీకటి అంటే భయపడేవాళ్లకు ఇందులో రెండు మూడు చోట్లు నిజంగా కష్టం. గ్రహాలు గిరగిరా తిరుగుతాయి కాబట్టి కళ్లు తిరిగే స్వభావం ఉన్నవాళ్లు లూప్‌కో విరామం తీసుకోవాలి. మధ్యలో గేమ్ ఆపేస్తే లూప్ మొదటికి వస్తారు, లాగ్ మాత్రం చెక్కుచెదరదు. కాబట్టి రోజుకు రెండు లూపులు, అంటే ముప్పావు గంట, చాలినంత ఆట. మధ్యలో రెండు మూడు రోజులు విడిచినా నష్టం లేదు.

రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ (2018) ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన కూర్పు. లూకస్ పోప్ చేసిన గేమ్. కాలం 1807. ఈస్టిండియా కంపెనీ వ్యాపారనౌక ఒకటి ఖాళీగా తీరానికి వస్తుంది. మీరు భీమా లెక్కలు తేల్చే అధికారి. 60 మందిలో ఎవరు ఎవరు, ఎవరికి ఏమైంది, చేసింది ఎవరు, ఇవన్నీ ఒక పుస్తకంలో నింపాలి. చేతిలోని గడియారంతో ఒక మరణం జరిగిన క్షణంలోకి వెళ్లొచ్చు, ముందు చివరి మాటలు వినిపిస్తాయి, తర్వాత బొమ్మలా ఆగిపోయిన ఆ క్షణం చుట్టూ నడవొచ్చు. వేగం అక్కర్లేదు, చావు భయం లేదు, దారి తప్పడానికి ఉన్నది ఒక్క నౌకే. 8 నుంచి 12 గంటల్లో అయిపోతుంది.

పుస్తకంలో ముగ్గురి వివరాలు సరిగ్గా నింపితేనే ఆ ముగ్గురూ ఖాయమవుతారు. ఒక్కొక్కరుగా తేల్చి చెప్పదు. చీటీలు తీసినట్టు అడ్డగోలుగా ఊహించకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. దీన్ని దొంగదారిలో వాడుకునే తెలివి అందరికీ వస్తుంది: ఇద్దరిని ఖాయంగా పెట్టుకుని మూడోవాడి పేర్లు వరసగా మార్చి చూడటం. చివరి నలుగురైదుగురి దగ్గర, ఇద్దరిలో ఒకరని తేలిపోయినప్పుడు అలా చేస్తే చేయండి. ముందునుంచే మొదలుపెడితే అరవై మంది మనుషులు అరవై గళ్ల లాటరీ అయిపోతారు.

చూడాల్సిన తీరు ఇది. ముఖం మసకగా ఉందంటే ఆ మనిషిని గుర్తించడానికి కావాల్సిన ఆధారం మీకింకా దొరకలేదు, అక్కడ బుర్ర పాడుచేసుకోవద్దు. ముఖం తేటపడ్డాక పక్కనుండే త్రికోణాల లెక్క చూడండి, ఒకటుంటే తేలిక, మూడుంటే కష్టం. ఒకటున్నవాళ్లతో మొదలుపెట్టండి. పుస్తకంలో ఒక మనిషికి గుర్తు పెట్టుకుంటే అతను కనిపించే జ్ఞాపకాలన్నిటినీ వరసగా చూడొచ్చు. ఈ సదుపాయాన్ని చాలామంది పట్టించుకోరు. సిబ్బంది జాబితాలో ఉద్యోగం, స్వదేశం రాసి ఉంటాయి. కాబట్టి ముఖం కన్నా యాస, బట్టలు, ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారు, ఎవరు ఏ పనిముట్టు పట్టుకున్నారు అనేవే ఎక్కువ చెబుతాయి. హెడ్‌ఫోన్స్ లేకుండా ఈ గేమ్ ఆడితే సగం సాక్ష్యం వదిలేసినట్టే. ‘ఎలా చచ్చాడు’ అన్నదాంట్లో మాట తేడా గురించి మరీ మథనపడకండి, సందేహం ఉన్న చోట ఒకటికన్నా ఎక్కువ జవాబులను గేమ్ ఒప్పుకుంటుంది.

బొమ్మ మొత్తం రెండే రంగుల చుక్కలతో గీసింది. పాత కంప్యూటర్ల తెరల పేరుతో రంగుల జతలు మార్చుకోవచ్చు, కళ్లకు నప్పేది ఎంచుకోండి. ఇంకో కంప్యూటర్ నుంచో క్లౌడ్ నుంచో స్ట్రీమ్ చేసుకుని మాత్రం ఆడకండి. వీడియో కుదింపులో ఆ చుక్కలన్నీ కలిసి బురదగా మారి, చూడాల్సిన వివరాలే మాయమవుతాయి.

మరి ఏది ముందు? ఒకే వారంలో మూడు నాలుగు రాత్రులు దొరికితే ఓబ్రా డిన్. వారం పైన విడిస్తే ముఖాలు కలగాపులగం అవుతాయి కనుక దీనికి వరస రోజులే కావాలి. రోజుకు కొంచెం చొప్పున నెలంతా సాగేది కావాలంటే అవుటర్ వైల్డ్స్. తెగ ఇరుక్కోవడం నచ్చనివాళ్లకు ఓబ్రా డిన్ ముందు బాగుంటుంది, ఒకచోట ఆగినా పక్కనే ఇంకో మనిషి ఉంటాడు. నా వరకు, జీవితంలో ఒక్కటే ఆడనిస్తానంటే అవుటర్ వైల్డ్స్‌నే చెబుతాను. ఓబ్రా డిన్ పూర్తయితే ‘ఎంత బాగా కట్టాడు’ అనిపిస్తుంది. అవుటర్ వైల్డ్స్ పూర్తయ్యాక రాత్రి ఆకాశం వైపు చూపు మారుతుంది.

ఈ దారిలో చిన్నవి రెండు. హర్ స్టోరీ (2015) ఒక పాత పోలీసు డేటాబేస్. పదం టైప్ చేస్తే ఆ పదం పలికిన వీడియో ముక్కలు వస్తాయి, కానీ ఎన్ని ఉన్నా మొదటి ఐదే చూపిస్తుంది. కాబట్టి ఎక్కువగా వాడే మాటలు కాకుండా, ఆమె ఒక్కసారి అన్న అరుదైన మాటలు వెతకాలి. పక్కన కాగితం ఉంచుకోండి. ట్యూనిక్ (2022) కత్తి పట్టిన నక్కపిల్ల గేమ్‌లా కనిపిస్తుంది, అసలు సంగతి మాత్రం దారిలో ఏరుకునే మాన్యువల్ పేజీల్లో ఉంది. చదవరాని లిపిలో ఉన్న ఆ పేజీలను బొమ్మల్ని బట్టి అర్థం చేసుకోవాలి. పోరాటం కష్టమైతే సెట్టింగుల్లో చావు లేని పద్ధతి ఉంది. అది పెట్టుకున్నా ఈ గేమ్ అసలు రుచి కొంచెమైనా తగ్గదు.

మాటల్లో మునగాలనుకుంటే: డిస్కో ఎలీజియం, అండర్‌టేల్

డిస్కో ఎలీజియం (2019) చదువరుల గేమ్. సుమారు పది లక్షల పదాల రాత, 25 నుంచి 35 గంటలు. తాగి అన్నీ మరిచిపోయిన ఒక పోలీసు డిటెక్టివ్, మార్టినేజ్ అనే వాడలో ఒక శవం. కత్తియుద్ధాలుండవు, అన్నీ సంభాషణలే. మీ 24 నైపుణ్యాలు మీ బుర్రలో కూర్చుని మీతో వాదిస్తాయి, కొన్ని అబద్ధాలూ చెబుతాయి. తర్కం, సానుభూతి, అధికారం అన్నీ వేరువేరు గొంతులు. 2021లో వచ్చిన ఫైనల్ కట్‌లో మొత్తం మాటలకు గొంతులు పెట్టారు, ఆడితే అదే ఆడాలి.

మొదట ఎంచుకునే నాలుగు గుణాలకు కలిపి 12 పాయింట్లు. ఒక గుణాన్ని 6 వరకు పెంచొచ్చు, ఏదీ 1 కన్నా తగ్గదు. కొత్తవాళ్లు చేసే తప్పు ఫిజీక్‌ను (దేహబలాన్ని) 1కి వదిలేయడం. అప్పుడు ఆరోగ్యం ఎంత పలచగా ఉంటుందంటే గదిలో దీపం వేసినా దెబ్బ తగిలి ఆట ముగియొచ్చు. సైకీని (మనసు బలాన్ని) 1లో ఉంచితే మనోధైర్యం అలాగే ఉంటుంది, ఎవరో అన్న ఒక్క మాటకు కుప్పకూలతారు. రెండిటినీ 2 చేస్తే ప్రాణం కుదుటపడుతుంది. పాచికలు వేసి మీ నైపుణ్యాన్ని తేల్చే పరీక్షల్లో తెల్ల రంగుది విఫలమైతే ఆ నైపుణ్యానికి పాయింట్ పెట్టి మళ్లీ ప్రయత్నించొచ్చు, అందుకే లెవెల్ పెరగగానే పాయింట్లన్నీ ఖర్చు చేయకండి. ఎరుపు పరీక్షకు ఒక్కటే అవకాశం. పాచికలు రెండూ ఆరు పడితే ఎంత కష్టమైనా నెగ్గుతారు, రెండూ ఒకటి పడితే ఎంత తేలికైనా ఓడతారు.

ఎరుపు పరీక్షలో ఓడాక పాత సేవ్ తెరిచి మళ్లీ పాచిక వేయడం ఈ గేమ్‌కు చేసే పెద్ద అన్యాయం. దీని ఉత్తమమైన రాతలో చాలాభాగం ఓటమి దారుల్లో ఉంది. ఆ డిటెక్టివ్ పరువు పోయిన ప్రతిచోటా పక్కనున్న తోటి డిటెక్టివ్ కిమ్ కిట్సురాగి ఏమంటాడో వినాలి. కాలం మీరు మాట్లాడుతున్నప్పుడు, చదువుతున్నప్పుడు మాత్రమే కదులుతుంది, వీధుల్లో ఎంత తిరిగినా నిమిషం గడవదు. ఆదుర్దా పడకుండా మూలమూలా చూడండి.

అండర్‌టేల్ (2015) ఎదుటి ఒడ్డు. టోబీ ఫాక్స్ చేసిన ఈ గేమ్ నిడివి ఆరు నుంచి ఎనిమిది గంటలు, బొమ్మలు పాత పద్ధతివి, మాటలు కొద్దివి. ఎదురైన ప్రతి రాక్షసినీ చంపకుండా వదిలేయొచ్చు, అందుకు దానితో మాట కలపాలి, దాని స్వభావం పట్టుకోవాలి. ఆ మధ్యలో గుండె గుర్తును కదుపుతూ తూటాల్లా వచ్చేవాటిని తప్పించుకోవాలి, అది చేతి పని. తిండి వస్తువులు పొదుపు చేయకుండా వాడితే నెమ్మది చేతులవాళ్లకూ గట్టెక్కుతుంది. మొదటిసారి ఏ సలహా వినకుండా మీకు తోచినట్టే ఆడండి. ముగిశాక గేమ్ ఒక మాట అంటుంది, అది విని మళ్లీ మొదలుపెట్టండి. అందరినీ చంపే దారి గురించి మాత్రం ఒక హెచ్చరిక: ఆ మచ్చ ఫైల్‌లో ఉండిపోతుంది. చూడాలన్న కుతూహలంతో అది తొక్కకండి.

మాటలు ఇష్టమైతే డిస్కో, అది ఖాయం. పని నుంచి వచ్చి తెర మీద ఇంకో పేరా చదవలేని స్థితిలో ఉంటే అండర్‌టేల్.

నడక, బరువు, ఒంటరితనం

షాడో ఆఫ్ ది కొలోసస్ 2005లో ప్లేస్టేషన్ 2కి వచ్చింది, ఫుమితో ఉయెదా దర్శకత్వం. 2018లో బ్లూపాయింట్ చేసిన కొత్త రూపం ప్లేస్టేషన్ 4లో ఉంది, పీసీలో లేదు. విశాలమైన ఖాళీ నేల, ఒక గుర్రం, 16 మహాకాయులు. మధ్యలో చిల్లర శత్రువులు ఎవరూ లేరు. కత్తిని ఎండలోకి ఎత్తితే వెలుగు ఒకచోట కలిసి దారి చూపుతుంది. నీడలో నిలబడి ఎత్తి, పనిచేయడం లేదనుకునేవాళ్లున్నారు. ఆగ్రో అనే గుర్రాన్ని కారులా తిప్పబోతే చిరాకే. దిశ చూపి వదిలేస్తే ఇరుకుదారుల్లో అదే పోతుంది. మహాకాయుడి ఒంటిమీద ఎక్కాక తెర మీద పట్టు చూపే వృత్తం అయిపోయేలోగా నిలబడే చోటు వెతకాలి, అతను విదిలించుకుంటున్నప్పుడు పొడవబోకూడదు, పట్టుకుని ఉండాలి. తెల్లతోక బల్లులను కొట్టి తింటే పట్టు పెరుగుతుంది. మొత్తం 6 నుంచి 8 గంటలు. రోజుకు ఇద్దరు ముగ్గురు చాలు. గెలిచాక వచ్చే సంగీతం వింటూ, గెలిచినట్టు ఎందుకు అనిపించడం లేదో కాసేపు ఆలోచించుకోనివ్వాలి.

డెత్ స్ట్రాండింగ్ (2019, హిదేయో కొజిమా) మోత మోసే గేమ్. వీపు మీద సరుకు, కాలి కింద రాళ్లు, రెండు ట్రిగ్గర్లతో రెండు పక్కలా నిలదొక్కుకోవడం. 40 గంటలపైనే. వచ్చిన చిక్కేమిటంటే మొదటి రెండు అధ్యాయాలు నెమ్మది, సినిమా దృశ్యాలు ఎక్కువ. గేమ్ విచ్చుకునేది మూడో అధ్యాయంలో. అంతవరకు ఉండలేకపోతే మొదలుపెట్టకండి. బయల్దేరేముందు సరుకును సర్దే బటన్ నొక్కితే బరువులు కిందికి చేరి తూలడం తగ్గుతుంది. రెండు నిచ్చెనలు, ఒకటి రెండు తాళ్లు, ఒక జత అదనపు బూట్లు ఉంటే చాలా దారులకు సరిపోతుంది. దారిలో కనిపించినదల్లా ఎత్తుకుంటే వాగు దాటేటప్పుడు తెలుస్తుంది. ఒక ప్రాంతాన్ని నెట్‌వర్క్‌కు కలిపాక, వేరే ఆటగాళ్లు వేసిన నిచ్చెనలు, వంతెనలు మీ లోకంలో కనిపిస్తాయి. కొండ అంచున ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు వదిలిన తాడు దొరికినప్పటి కృతజ్ఞత, జర్నీలోని తోడుకు అన్నలాంటిది.

పజిల్ కోసమే అయితే

బాబా ఈజ్ యూ (2019)లో నియమాలే తోసే దిమ్మలు. గోడ అడ్డంగా ఉంటే, ‘గోడ ఆపుతుంది’ అనే వాక్యాన్నే విరగ్గొట్టొచ్చు. 200కి పైగా మెట్లు, ఎంత వెనక్కైనా తీసుకునే బటన్, ఒకటి రాకపోతే ఇంకోటి తెరిచి ఉంటుంది. ది విట్‌నెస్ (2016)లో ఒక దీవి, గీతలు గీసే 500కి పైగా పలకలు, ఒక్క మాట వివరణ లేదు. రంగులు సరిగ్గా కనపడనివాళ్లకు, వినికిడి తక్కువున్నవాళ్లకు విట్‌నెస్‌లో కొన్ని భాగాలు తెరుచుకోవు, కదలికకు కళ్లు తిరిగేవాళ్లూ ఉన్నారు. ఆ ఇబ్బందుల్లో ఏదున్నా బాబానే మేలు.

ముగిసిందనుకుని మానేసే గేమ్

నియర్ ఆటోమాటా (2017) విషయంలో రెండు సంగతులు ముందే తెలియాలి. ఇందులో ఆటోసేవ్ లేదు. మొదటి అరగంట పైచిలుకు ఘట్టంలో సేవ్ చేసే వీలే లేదు, అక్కడ చస్తే మళ్లీ మొదటినుంచే. ఆ ఒక్క భాగం వరకైనా ఈజీలో ఆడండి, ఈజీలో పోరాటాన్ని దానంతట అదే చేసే చిప్‌లు కూడా ఉన్నాయి. రెండోది, పేర్లు పడగానే అయిపోయిందనుకోకండి. ఏ నుంచి జెడ్ వరకు ముగింపులున్నాయి, వాటిలో ముఖ్యమైనవి మొదటి ఐదు. మొదటిది అయ్యాక అదే సేవ్‌ను తెరిచి కొనసాగించాలి. రెండో దారి పాతదాన్నే తిప్పి చెబుతున్నట్టుంటుంది, అక్కడే ఎక్కువమంది జారిపోతారు. పూర్తిగా కొత్త కథ మూడో దారిలో మొదలవుతుంది. ఆ సహనం ఉంటే ఐదో ముగింపు అడిగే ప్రశ్నకు మీరిచ్చే జవాబు ఏళ్ల తరబడి గుర్తుంటుంది.

సాయం తీసుకోక తప్పనప్పుడు

ఇరుక్కున్న వెంటనే వీడియో తెరవొద్దు. జవాబు కన్నా ముందు వీడియో బొమ్మే ముగింపు చూపించేస్తుంది. గేమ్ పేరు టైప్ చేస్తే వెతుకులాట పెట్టె తానే పూర్తిచేసే మాటల్లోనూ మలుపులు బయటపడతాయి. అచీవ్‌మెంట్ల (గేమ్‌లో సాధించినవాటికి ఇచ్చే గుర్తింపుల) జాబితా కూడా తెరవొద్దు, అధ్యాయాల పేర్లు అక్కడ ఉంటాయి. ముందు గేమ్ ఆపి ఒక రాత్రి గడవనివ్వండి. మర్నాడు లాగ్‌నో పుస్తకాన్నో మొదటినుంచి చదవండి. అయినా రాకపోతే, పూర్తిచేసినవాళ్లను అవును, కాదు అనే జవాబు వచ్చేలా అడగండి: ‘నేను వెతుకుతున్న చోటు సరైనదేనా?’ ‘ఇక్కడికి రావడానికి కావాల్సింది నా దగ్గర ఇప్పటికే ఉందా?’ చాలా ముడులు ఈ రెండు ప్రశ్నలతోనే విడిపోతాయి. అవుటర్ వైల్డ్స్‌కు 2021లో వచ్చిన ఎకోస్ ఆఫ్ ది ఐ అనే అదనపు భాగాన్ని అసలు లాగ్ చాలావరకు నిండాకే తెరవండి. భయం తగ్గించే ఆప్షన్ దాని సెట్టింగుల్లో ఉంది, చీకటి పడనివాళ్లు మొదలుపెట్టకముందే దాన్ని ఆన్ చేసుకోవాలి.